చాయ్‌లో కలిసిన బంగారం

మా అమ్మాయి కాళ్ళు పడిపోయాక నాకు ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. ఈ లోకంలో డాక్టర్లకు తెలియనివి ఉన్నాయి, దేవుడు చెప్పనివి ఉన్నాయి, కానీ మా చుట్టాలకు తెలియనిదంటూ ఒక్కటి కూడా లేదు.

అమ్మాయి అప్పుడు ఏడో తరగతి. బడి ఖోఖో జట్టులో ఆడేది. ఒకచోట కూర్చుని అన్నం తినడం దాని చరిత్రలోనే లేదు. అది తిరుగుతూ తినేది, నేను తిట్టుకుంటూ వెనకాల తిరిగేదాన్ని. వానాకాలంలో జ్వరం వచ్చింది, తగ్గింది. తగ్గిందనుకుని అందరం నిమ్మళంగా ఉన్నప్పుడు, ఒక పొద్దున మంచం దిగబోయి కింద పడింది. నిద్రమత్తులో పడిందనుకుని నేను నవ్వాను. "అమ్మా, కాళ్ళు లేస్తలేవే" అంది.

కరీంనగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. వెన్నులోంచి నీళ్ళు తీశారు, కాళ్ళకు తీగలు పెట్టి పరీక్షలు చేశారు. నరాల జబ్బన్నారు, ప్రాణానికి భయం లేదన్నారు, కాళ్ళ సంగతి మెల్లగా చూద్దామన్నారు. "గిదెందుకు అచ్చింది సార్?" అని మా ఆయన పెద్ద డాక్టరును అడిగాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని "ఇడియోపతిక్" అన్నాడు. మా ఆయన మొహం కాస్త తేటపడింది. పేరున్న జబ్బుకు మందు కూడా ఉంటుందని ఆయన నమ్మకం. నేను ఊరుకోలేదు.

"అంటే ఏంది సార్?"

"అంటే కారణం తెల్వదమ్మా."

"గంత పెద్ద మాటకు గింతే అర్థమా?"

"గింతేనమ్మా" అన్నాడు పాపం. తెలియదని చెప్పడానికి అన్నేళ్ళు చదివాడు మరి. ఆ పూట ఆయన మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. తర్వాత మా ఇంటికి వచ్చినవాళ్ళను చూశాక ఆ డాక్టరు మీద గౌరవం పెరుగుతూ పోయింది.

మా ఇంట్లో ఉండేది నలుగురం. నేను బడిలో తెలుగు చెబుతాను. మా ఆయన జమ్మికుంట మార్కెట్ యార్డులో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమస్తా, సీజనంతా పత్తి తూచే కాంటాల దగ్గరే ఉంటాడు. బాపు పోయాక మా అవ్వను, అంటే మా అమ్మను, నా దగ్గరికే తెచ్చుకున్నాను. అమ్మాయిని కన్నది నేను గానీ పెంచింది మా అవ్వ. అందుకని దవాఖానలో కాళ్ళు వంచి చాపే కసరత్తులు నేర్పించినప్పుడు కూడా ఆమే ముందుకొచ్చి నేర్చుకుంది. నేను చేస్తే పిల్ల కెవ్వున అరిచేది. అవ్వ ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని, తన చిన్నప్పుడు బర్రె మీదెక్కి వాగు దాటిన ముచ్చటో, తాత పెండ్లినాడు చెప్పులు పోగొట్టుకున్న ముచ్చటో చెప్పేది. పిల్ల నవ్వుతుండగానే కసరత్తు అయిపోయేది. పొద్దున, సాయంత్రం ఇదే వరస.

పరామర్శకు వచ్చినవాళ్ళు బత్తాయిలు తెచ్చారు, కారణాలు తెచ్చారు. బత్తాయిలు తిన్నాం. కారణాలే అరగలేదు. పక్కింటాయన మా మెట్లు ఉండకూడని మూలలో ఉన్నాయని కనిపెట్టాడు. పుట్టినప్పటి నుంచి పిల్ల ఆ మెట్ల మీదే ఎగిరింది, అప్పుడు ఆ మూల ఎక్కడికి పోయిందో ఆయన చెప్పలేదు. నాతో పనిచేసే టీచరమ్మ, మంగళవారం పిల్ల తల దువ్వుతూ వెంట్రుకలు వాకిట్లో పారేశానని నా మీద పెట్టింది. మా ఆయనకు వరసకు బావ అయ్యే ఒకాయన ఉన్నాడు. అంతకుముందు అందరం చెన్నూరు దగ్గర గోదావరి స్నానానికి పోయినప్పుడు మా ఆయన మునక సరిగా మునగలేదని, జుట్టు తడవనే లేదని ఆయన పరిశోధన. మా ఆయనకు జుట్టు లేదు.

నేను అందరికీ చాయ్ పోశాను, తలూపాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేదాన్ని. దేవుడి మీద నాకు కోపం లేదంటే అబద్ధం. దీపం పెట్టడం మానలేదు గానీ, మొహం పక్కకు తిప్పుకుని పెట్టేదాన్ని. పొరుగింటావిడతో మాటలు బందయినప్పుడు పిల్లల చేత గిన్నె పంపిస్తాం చూడండి, అట్లా ఉండేది మా సంబంధం. ఏడాది పొడుగునా లక్షమందిని చల్లగా చూసే నీకు, నా ఇంట్లో ఎగిరే ఒక్క పిల్ల కంట్లో పడిందా అని అడిగేదాన్ని. జవాబు రాలేదు. జవాబులన్నీ చుట్టాల దగ్గరే ఉన్నాయి కదా, ఆయన దగ్గర ఏం మిగులుతాయి.

అప్పుడు దిగింది మా వదిన, అంటే మా ఆయన అక్క. ఆమెది చెన్నూరు. మంచిదే, పాపం ఏడ్చింది, పిల్లకు తల దువ్వింది, నాకు వంట పని తప్పించింది. రెండో పూటకు కళ్ళు తుడుచుకుని విచారణ మొదలుపెట్టింది. మెట్లు, వెంట్రుకలు, మునక అన్నీ కొట్టిపారేసింది. "గవన్ని గాదు. మొక్కుల ఎక్కడ్నో తేడా వడ్డది. యాది జేసుకోండ్రి" అంది. ఎవరికీ ఏదీ యాదికి రాలేదు. ఆమెకే వచ్చింది. ఎందుకు రాదు.

ఆ మొక్కు సంగతి చెప్పాలి. మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. అద్దాల పెట్టెలో పెట్టినప్పుడు మా అవ్వ బయట వరండాలో నిలబడి, పిల్ల బతికి బట్ట కడితే సమ్మక్క దేవతకు ఎత్తు బంగారం ఇస్తానని మొక్కింది. మా దిక్కున సమ్మక్కకు ఇచ్చే బంగారమంటే బెల్లం. మనిషిని కాంటాలో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క సమానంగా బెల్లం ముద్దలు పెట్టి, ఆ ఎత్తు బెల్లాన్ని జాతరలో అమ్మవారి గద్దె దగ్గర సమర్పిస్తారు. అమ్మాయి బడికి పోయే వయసొచ్చాక ఆ మొక్కు తీర్చాం. బెల్లం దుకాణం కాంటాలో అది కోతిలా ఎగురుతుంటే ముల్లు నిలబడక దుకాణదారు తల పట్టుకున్నాడు. అందరం కలిసి డీసీఎం వ్యాను మాట్లాడుకుని జాతరకు పోయాం. మాఘమాసపు చలి. చెట్ల కింద గుడారం వేసుకున్నాం. తెల్లారి చాయ్ పెడదామంటే చక్కెర డబ్బా లేదు. చక్కెర తెచ్చే బాధ్యత మా వదినది. ఆమె డబ్బాను చెన్నూరులో కిటికీ మీద పెట్టి, తాను మాత్రం జాగ్రత్తగా వచ్చేసింది. ముసలోళ్ళు, పిల్లలు చలికి వణుకుతున్నారు. మా అవ్వ బంగారం మూట విప్పి, ఒక ముద్ద అంచు విరిచి, ఎసట్లో వేసింది. అందరం తాగాం. మా వదిన రెండు గ్లాసులు తాగింది. బెల్లం చాయ్ మోకాళ్ళకు మంచిదని కూడా అంది.

అన్నేళ్ళ తర్వాత ఆ చాయ్ ఇప్పుడు మా పిల్ల కాళ్ళకు తగిలిందన్నమాట. తాగినవాళ్ళ మోకాళ్ళన్నీ బాగున్నాయి.

నేను నవ్వి ఊరుకున్నాను. అదే నేను చేసిన పొరపాటు. వదిన ఊరుకోలేదు. మా ఆయన అమ్మాయిని తీసుకుని కరీంనగర్ డాక్టరుకు చూపించడానికి పోయిన రోజు చూసి, ఒక శివసత్తిని పిలిపించింది. మొహం నిండా పసుపు పూసుకుని, దేవత ఒంటి మీదికి వస్తే సిగమూగి, అడిగినదానికి చెప్పే ఆడమనిషి. ఆమెను బస్టాండు నుంచి మా ఇంటి దాకా వదినే స్వయంగా ఆటోలో వెంటబెట్టుకొచ్చింది. ఆటోలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆమె మా హాల్లో వేపమండలు పట్టుకుని ఊగడం మొదలుపెట్టగానే, దేవత నోట వచ్చిన మొదటి మాట, "నా బంగారం ఎవలు దిన్నరు?"

అవ్వ చెయ్యి కొంగులో దాచుకుంది.

"నా ఎత్తుల తక్కువున్నది. మూట విప్పిన చెయ్యి ఎవలది? ఆ చెయ్యి తగిలిన పిల్ల ఎట్ల నడుస్తది?"

నేను ఇక ఆగలేకపోయాను. "మూట విప్పినామె సంగతి తర్వాత తల్లీ. చాయ్ తాగినోళ్ళ పేర్లు గూడ జెప్పు, అందరు ఈడనే ఉన్నరు" అన్నాను.

ఊగుతున్న మనిషి ఒక్క క్షణం ఊగడం ఆపి మా వదిన వైపు చూసింది. తర్వాత మరింత జోరుగా ఊగుతూ, తాగినవాళ్ళకు పాపం లేదని తీర్పు చెప్పింది. పరిహారం కూడా చెప్పింది. పిల్లను మళ్ళీ తూచి, రెండింతల బంగారం మూటగట్టి, ఆ మూట విప్పిన మనిషే నెత్తిన పెట్టుకుని, చెప్పులు లేకుండా జాతర గద్దెల దాకా నడవాలి. మా అవ్వ అప్పటికే గోడ పట్టుకుంటే గానీ బాత్రూం దాకా కూడా పోలేని మనిషి.

"నడుస్త తల్లీ, నడుస్త" అంటూ అవ్వ ఆమె కాళ్ళ మీద పడిపోయింది. మా అవ్వ ఒకరి కాళ్ళ మీద పడగా నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. రెండు చేతులతో పట్టుకుని పైకి లేపాను.

సాయంత్రం మా ఆయన వచ్చాక అన్నీ చెప్పాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. యార్డులో రైతు పత్తి తెస్తే తేమ ఉందనీ, చెత్త ఉందనీ తూకంలో ఇంత కోస్తారు, దాన్ని తరుగు అంటారు. రోజంతా ఆ తరుగు మీద జరిగే కొట్లాటలు చూసి చూసి ఉన్నాడు. "అంటె దేవుని దగ్గర గూడ తరుగు దీస్తరా?" అన్నాడు. అంతే. ఆ రోజు ఆయన మాట్లాడిన మాట అదొక్కటే గానీ, మా ఇంట్లో తెలివైన మాట కూడా అదొక్కటే. ఈ సంగతేదీ పిల్ల చెవిన పడకూడదని అందరికీ గట్టిగా చెప్పాను. వదిన కూడా ఒట్టేసింది.

మర్నాడు పొద్దున కసరత్తుకు అవ్వ రాలేదు. వంటింట్లో మూలన కూర్చుంది. పిలిస్తే, "నా చెయ్యి మంచిది గాదు బిడ్డా. నువ్వే జెయ్యి" అంది. తిట్టాను, బతిమాలాను. "ఎవ్వతో ఊగి చెప్తె నమ్ముతవానే?" అని అరిచాను. "ఆమె అబద్ధం జెప్పలే గద. బెల్లం ఇరిసింది నేనే గద" అంది. విరిచింది ఆమే. కారణాలతో వచ్చే చిక్కే అది, వాటిలో ఎంతో కొంత నిజం ఉంటుంది.

అవ్వ అన్నం సగానికి తగ్గించింది. పిల్ల ఉన్న గదిలోకి రావడం మానేసింది. గడప దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయేది. పిల్ల "అమ్మమ్మా" అని పిలిస్తే, పనుందనేది. కసరత్తు నేను చేసేదాన్ని, పిల్ల పళ్ళు బిగించుకుని పడుకునేది. మునుపటిలా అరిచేది కూడా కాదు. రోజురోజుకూ మాటలు తగ్గించేసింది. నేను చూశాను గానీ, జబ్బు మనిషి కదా అనుకున్నాను. నా ధ్యాసంతా అవ్వ మీదే ఉంది. పిల్లకు కాళ్ళు రాకపోతే ఎట్లాగో బతుకుతుంది, చదువుకుంటుంది. ఆ కాళ్ళు తీసింది తానేననుకుంటూ మా అవ్వ చచ్చిపోతే ఏం చేయాలి? నా భయం అది. బెల్లం కొనడానికి వదిన తొందరపెడుతోంది. అవ్వ ఇంట్లో చెప్పులు కూడా వేసుకోవడం మానేసి, నడక సాధన చేస్తోంది.

ఒక మధ్యాహ్నం వదిన నిద్రపోతుండగా అవ్వను ఆటో ఎక్కించాను. మా ఊరి బయట గుట్ట కింద కూడా సమ్మక్క గద్దెలున్నాయి. జాతరప్పుడు తప్ప అక్కడ ఎవరూ ఉండరు. రెండు మట్టి గద్దెలు, వాటి మీద దేవతలకు గుర్తుగా నిలిపిన, పసుపు పూసిన వెదురు గడలు, పాత కొబ్బరి చిప్పలు, ఒక కోతుల మంద. అవ్వ ఆటో దిగి అటూ ఇటూ చూసింది.

"బంగారమేదే?"

"తేలే."

"మరి నన్నెందుకు తోల్కచ్చినవ్?"

"అడుగుతందుకు" అన్నాను. "ఇగో, ఆమె ఎదురుంగనే ఉన్నది. నడుమల ఊగెటోళ్ళు ఎవ్వలు లేరు. నువ్వే అడుగు. చలికి వణికెటోళ్ళకు గింత బెల్లం చాయ్‌ల ఏసినందుకు, నా మనవరాలి కాళ్ళు గుంజుకున్నవా తల్లీ అని అడుగు. అవునంటె రెండింతలు గాదు, పదింతల బంగారం నేనే నెత్తిన వెట్టుకోని అస్త."

మా అవ్వ నన్ను కొట్టినంత పని చేసింది.

"ఛీ, నోర్ముయ్! గట్లడుగుతరానే ఆమెను? తల్లి గాదా ఆమె? పిల్లలు ఆకలైతె ఇంట్ల బెల్లం దీసుకోని తింటరు. గంతమాత్రానికి ఏ తల్లన్న కాళ్ళిరగ్గొడ్తదా? గంత తక్కువ బుద్ధి ఉంటదా ఆమెకు? సదువుకున్నవ్, గామాట అననీకె నీకు సిగ్గు గాలేదా?"

అని, అట్లాగే ఆగిపోయింది. నోరు తెరిచే ఉంది. గద్దె వైపు చూసింది, నా వైపు చూసింది, మళ్ళీ గద్దె వైపు చూసింది.

నోరు మూసుకోవాల్సిన చోట నేను మూసుకున్న సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ. ఆ రోజు మూసుకున్నాను.

అవ్వ మెల్లగా గద్దె పక్కన కూలబడి ఏడ్చింది. చాలాసేపు ఏడ్చింది. ఒక కోతి వచ్చి మా దగ్గర తినేదేమీ లేదని చూసుకుని, తిట్టుకుంటూ పోయింది. కొంగుతో మొహం తుడుచుకుని అవ్వ అడిగింది.

"మరి ఎందుకు జేసిందే?"

"నాకెర్కలేదవ్వా."

"డాక్టరుకు?"

"ఆయనకు గూడ ఎర్కలేదట. ఇంగ్లీషుల జెప్పిండు."

అవ్వ వెదురు గడ వైపు చెయ్యి చూపించింది. "ఆమెకెర్కుంటది తియ్" అంది. లేచి, రెండు చేతులతో గద్దెను తాకి కళ్ళకద్దుకుంది. ఏమీ అడగలేదు, ఏమీ మొక్కలేదు.

నాకు అంత నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ రోజు నేను కూడా మొహం తిప్పుకోకుండా దండం పెట్టాను. ఇన్నాళ్ళూ నేను కొట్లాడింది ఈమెతో కాదని నాకనిపించింది. చాయ్ గ్లాసులు లెక్కపెట్టుకుంటూ, మునకలో తడవని వెంట్రుకలు వెతుక్కుంటూ, మెట్ల మూలలు కొలుచుకుంటూ కూర్చునే ఒక చిల్లర దేవుణ్ణి మా చుట్టాలందరూ కలిసి తయారుచేసి, మా ఇంటికి తోలారు. వాణ్ణి నమ్మకపోవడమే భక్తి అనుకున్నాను. అసలామె ఎందుకు చేసిందో, అసలు చేసిందో లేదో నాకు తెలియదు. తెలియదనే మాట ఇడియోపతిక్ అన్నంత గంభీరంగా అనడం నాకు చేతకాదు. అనుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. మండుతూనే దీపం పెడతాను.

ఇప్పుడు అమ్మాయి పై తరగతుల్లో ఉంది. కుడి కాలు బాగా వచ్చింది. ఎడమ కాలు పూర్తిగా రాలేదు, కర్ర పట్టుకుని నడుస్తుంది. వచ్చిన కాలు ఎందుకు వచ్చిందో, రానిది ఎందుకు రాలేదో డాక్టరుకు తెలియదు. మా వదినకు తెలుసు. వచ్చిన కాలు తాను శివసత్తిని పిలిపించినందుకు వచ్చిందట, రానిది నా నోటి వల్ల ఆగిపోయిందట. అట్లా చూస్తే చెరో కాలు పంచుకున్నాం.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ మధ్యాహ్నం సంగతి. ఆటో దిగి ఇంట్లోకి రాగానే అవ్వ కాళ్ళు చేతులు కడుక్కుని, గడప దగ్గర ఆగకుండా నేరుగా పిల్ల గదిలోకి పోయింది. మంచం మీద కూర్చుని దాని కాలిని ఒళ్ళోకి తీసుకుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. పిల్ల పైకప్పు వైపే చూస్తూ, ఎంతో కాలంగా మనసులో తయారు చేసి పెట్టుకున్న మాటలా, నెమ్మదిగా అడిగింది.

"అమ్మమ్మా, ఇన్ని రోజులు నా దగ్గరికి ఎందుకు రాలే? నేనేం తప్పు జేసిన్నని దేవుడు నా కాళ్ళు దీస్కున్నడు? నువ్వు గూడ గందుకే రాలేదా?"

మేమంతా బయట ఒకరి మీద ఒకరు కారణాలు వేసుకుంటుంటే, అది లోపల ఒంటరిగా పడుకుని తనకు తానే ఒకటి వేసుకుందన్నమాట. నేను అక్కడే గడప మీద కూర్చుండిపోయాను.

అవ్వ దాని మోకాలిని మెల్లగా వంచింది.

"నువ్వేం జెయ్యలే బిడ్డా" అంది. "నేనేం జెయ్యలే. ఎవ్వలం ఏం జెయ్యలే."